హెడ్‌లైట్ బల్బు మార్చాలనుకుంటే: తెల్లగా వెలగడం వేరు, దూరం కనిపించడం వేరు

రాత్రి కారు నడుపుతుంటే, రోడ్డు పక్కన నల్ల బట్టల్లో నడుస్తున్న మనిషి మరీ దగ్గరికొచ్చాక కనిపించాడనుకోండి. గుండె ఆగినంత పనవుతుంది. హెడ్‌లైట్ బల్బులు మార్చాలన్న ఆలోచన చాలామందికి అలాంటి రాత్రే వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. బల్బుల పెట్టెల మీద రెండు మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి: ఎక్కువ వెలుగు, తెల్లటి వెలుగు. ఆ రెండూ ఒకటే అనుకుని నేను కొన్న మొదటి జత తెల్లగానే వెలిగింది. కానీ రోడ్డు పక్కన మనిషి మాత్రం ఇదివరకు కనిపించినంత దగ్గరికొచ్చాకే కనిపించేవాడు. ఆ తేడా ఎందుకో తెలుసుకున్నాకే సరైన బల్బు ఎంచుకోగలిగాను. అందుకే పోలికలకంటే ముందు ఆ సంగతి చెబుతాను.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా ఏదో ఉందని తెలిసి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే 33 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 68 మీటర్లు. సరిగ్గా సెట్ చేసిన లో బీమ్ (ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి వంచిన లైటు) వెలుగు చివర నేలను తాకేది కూడా దాదాపు అక్కడే. కాబట్టి మనకు పనికొచ్చే వెలుగు 50 నుంచి 100 మీటర్ల మధ్య పడేదే. బానెట్ ముందు పది మీటర్ల నేల ఎంత తెల్లగా మెరుస్తోందన్నది ముఖ్యం కాదు. నిజానికి దగ్గరి నేల మరీ మెరిస్తే కన్ను ఆ వెలుగుకు అలవాటుపడి, దూరాన చీకట్లో ఉన్నది ఇంకా మసకగా కనిపిస్తుంది. మనకు మాత్రం లైటు అద్భుతంగా ఉందనిపిస్తుంది. బల్బుల విషయంలో అందరం మోసపోయేది ఇక్కడే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. దూరం రెట్టింపయితే అక్కడ పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే బల్బు వెలుగు ఒకటిన్నర రెట్లు పెరిగినా చూపు పెరిగేది 22 శాతం దాకానే. ఏ పెట్టె మీద ఏ అంకె చూసినా ఈ లెక్కతో తూచి చూడండి.

కొనేముందు ఉన్న లైటు సంగతి చూడండి

పాత కార్లలో చాలాసార్లు తప్పు బల్బుది కాదు. లైటు పైనుండే పాలీకార్బొనేట్ కవరు ఎండకు పసుపెక్కి, మసకబారితే లోపల ఎంత మంచి బల్బు పెట్టినా వెలుగు అక్కడే చెదిరిపోతుంది. కొంత ఆగిపోతుంది, కొంత పైకి చిమ్మి ఎదుటివారి కళ్లలో పడుతుంది. నీళ్ల శాండ్‌పేపర్‌తో 800 నుంచి మొదలుపెట్టి 2000, 3000 నంబరు దాకా రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ కోటింగ్ వేస్తే మళ్లీ స్పష్టంగా అవుతుంది. ఆ చివరి కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్టుతో రుద్దడం కూడా అంతే, నాలుగు రోజుల ముచ్చట.

రెండోది వోల్టేజీ. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. హాలోజన్ బల్బులకు, అంటే ఫిలమెంటు వేడెక్కి వెలిగే మామూలు హెడ్‌లైట్ బల్బులకు, ప్రమాణాల్లో ఇచ్చే వెలుగు లెక్కలు 13.2 వోల్టుల దగ్గర తీసినవి. వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు పది శాతం తగ్గి ఊరుకోదు, 30 శాతం దాకా పోతుంది. బల్బు దగ్గరికి 12 వోల్టులే చేరుతుంటే, రావలసిన వెలుగులో ముప్పాతిక వంతు కూడా రాదు. ఇంజిను నడుస్తుండగా, లైట్లు వేసి ఉంచి, మల్టీమీటరుతో ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు హోల్డరు వెనుక కొలవండి. తేడా అర వోల్టు లోపుంటే సరే. ఒక వోల్టు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే సన్నటి వైర్లు, తుప్పు పట్టిన ఎర్తు, అరిగిన స్విచ్చి మీ వెలుగు తినేస్తున్నాయన్నమాట. పాత తరహా వైరింగ్ ఉన్న కార్లలో దీనికి మంచి మందు రిలే వైరింగ్ కిట్. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, లావుపాటి వైరుతో కరెంటు నేరుగా బల్బుకు వస్తుంది. పాత స్విచ్చి రిలేని ఆన్ చేయడానికే పనికొస్తుంది. నా పాత కారులో మామూలు బల్బు ఉంచుకునే ఈ ఒక్క పని చేయిస్తే వచ్చిన మార్పు ఏ ఖరీదైన బల్బుతోనూ రాలేదు. అయితే కొత్త కార్లలో హెడ్‌లైట్లను కంప్యూటరు మాడ్యూల్ నడిపిస్తుంది. వాటి వైరింగ్‌లో చెయ్యి పెట్టకండి.

మూడోది బల్బు వయసు. ఏళ్ల తరబడి వెలిగిన హాలోజన్ బల్బు గాజు లోపల నల్లటి పొర కడుతుంది. మాడిపోలేదు కదా అని వదిలేస్తాం. కొత్త మామూలు జత పెట్టినా తేడా కనిపిస్తుంది.

విండ్‌షీల్డ్ లోపలి వైపు కూడా శుభ్రంగా తుడవండి. ఎదుటి లైట్లు పడినప్పుడు కళ్లు చెదిరిపోవడానికి సగం కారణం ఆ జిడ్డు పొరే అవుతుంటుంది.

మీ లైటు ఏ రకం?

బల్బు నంబరు మాన్యువల్‌లోనో బల్బు లోహపు అంచు మీదో ఉంటుంది. హెచ్4లో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు: హై బీమ్‌కి 60 వాట్లు, లో బీమ్‌కి 55. ప్రమాణం ప్రకారం హై బీమ్‌కి 1650, లో బీమ్‌కి 1000 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) రావాలి, పదిహేను శాతం అటూఇటూ. హెచ్7 ఒకే ఫిలమెంటుతో 1500 ల్యూమెన్లు ఇస్తుంది, హెచ్11 అయితే 1350. అంటే 1971లో వచ్చిన హెచ్4 లో బీమ్ ఈ మూడింటిలో బలహీనం. దానికి కారణం తెలుసుకుంటే తర్వాత ఎల్‌ఈడీ గొడవ కూడా అర్థమవుతుంది. హెచ్4 లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును ఆపేస్తుంది. బల్బు చుట్టూ ఉండే అద్దం గిన్నె, అంటే రిఫ్లెక్టరు, పై సగం మీద పడిన వెలుగే రోడ్డు మీదికి వంగి దిగుతుంది. ఎదుటివారి కళ్లలో పడకుండా అడ్డంగా ఒక గీత గీసినట్టు వెలుగు ఆగిపోతుందే, ఆ కటాఫ్ ఇలా పుడుతుంది.

లైటు లోపల వెండిరంగు అద్దం గిన్నె కనిపిస్తే అది రిఫ్లెక్టర్. గుండ్రటి లావుపాటి గాజు కన్ను కనిపిస్తే ప్రొజెక్టర్. ప్రొజెక్టర్‌లో కటాఫ్ గీసేది లోపలి రేకు. రిఫ్లెక్టర్‌లో అలాంటి రేకు ఉండదు, కటాఫ్ మొత్తం ఫిలమెంటు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక మిల్లీమీటరు జరిగినా వెలుగు దారి తప్పుతుంది.

హాలోజన్‌లోనే మెరుగైనవి

వీటిలో నాలుగు రకాలున్నాయి, ఒకదానితో ఒకటి కలిపేసుకోకూడదు.

ఎక్కువ వెలుగు రకం: ఓస్రామ్ నైట్ బ్రేకర్, ఫిలిప్స్ ఎక్స్‌ట్రీమ్‌విజన్ లాంటివి. వాట్లు మామూలువే, 55 లేదా 60/55. ఫిలమెంటును ఇంకా బిగుతుగా, కచ్చితంగా చుట్టి, ఎక్కువ ఒత్తిడితో వాయువు నింపుతారు. వెలుగు పుట్టే చోటు చిన్నదై ఘాటెక్కుతుంది. అందువల్ల రిఫ్లెక్టర్ దాన్ని దూరంగా కేంద్రీకరించగలుగుతుంది. పెట్టె మీద 130 శాతం, 150 శాతం ఎక్కువ అని ఉంటుంది. ఆ అంకెకు అర్థం మొత్తం వెలుగు రెండున్నర రెట్లయిందని కాదు. చట్టం అడిగే కనీస వెలుగుతో పోలిస్తే, బీమ్‌లోని కొన్ని చోట్ల గరిష్ఠంగా అంత ఎక్కువ అని. మొత్తం ల్యూమెన్లు ప్రమాణం హద్దులు దాటవు. అయినా ఆ పెరుగుదల మనకు కావలసిన 50, 100 మీటర్ల దగ్గరే వస్తుంది కాబట్టి నేను వీటిని మెచ్చుకుంటాను. నష్టం ఒకటే, ఆయుష్షు తక్కువ. రోజూ రాత్రి చాలాసేపు నడిపేవారు ఏడాదికోసారి మార్చుకోవడానికి సిద్ధపడాలి.

తెలుపు రకం: ఓస్రామ్ కూల్ బ్లూ, ఫిలిప్స్ వైట్‌విజన్ లాంటివి. వెలుగు రంగును కెల్విన్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ పసుపు నుంచి తెలుపుకి, తర్వాత నీలానికి పోతుంది. మామూలు హాలోజన్ వెలుగు రంగు సుమారు 3200 కెల్విన్, కాస్త పసుపు. తెల్లగా చూపించడానికి గాజు మీద నీలం పూత వేస్తారు. ఆ పూత కొత్తగా తెలుపును పుట్టించదు, ఉన్న వెలుగులోంచి పసుపు, ఎరుపు భాగాలను ఆపేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఫిలమెంటును ఇంకా వేడిగా మండించాలి, దాంతో ఆయుష్షు తగ్గుతుంది. పేరున్న కంపెనీల బల్బుల్లో వెలుగు ప్రమాణం లోపలే ఉంటుంది. ముదురు నీలం గాజుతో వచ్చే చవక బల్బుల్లో అయితే మామూలు బల్బుకంటే తక్కువ వెలుగొస్తుంది. నేను మొదట కొన్నవి అవే. తెలుపు అందంగా ఉంటుంది, సందేహం లేదు. పార్కింగ్ లైట్లు ఎల్‌ఈడీ అయితే పక్కన హెడ్‌లైట్ పసుపుగా ఉండడం నచ్చక మార్చేవారున్నారు, అదీ న్యాయమైన కోరికే. కానీ దూరం కనిపించాలని మాత్రం వీటిని కొనకండి.

ఎక్కువకాలం మన్నే రకం బల్బు మార్చడం కష్టమైన కార్లకు మంచిది. వెలుగు మామూలే.

ఇక నాలుగోది ఎక్కువ వాట్ల రకం, 100/90 లాంటివి. వెలుగు నిజంగానే పెరుగుతుంది. కానీ రెండు హై బీమ్ బల్బులూ కలిసి 16 ఆంపియర్లకు పైగా లాగుతాయి. కారు వైర్లూ స్విచ్చీ అంత బరువుకి చేసినవి కావు. హోల్డరు కరిగిపోవడం, రిఫ్లెక్టరు మీది వెండిపూత మాడిపోవడం ఒకసారి చూస్తే మళ్లీ ఎవరికీ సలహా ఇవ్వబుద్ధి కాదు. రిలే పెట్టినా రిఫ్లెక్టరుకి తగిలే వేడి తగ్గదు. వద్దు.

హాలోజన్ లైటులో ఎల్‌ఈడీ బల్బు

అందరూ అడిగేది ఇదే. తక్కువ కరెంటు, తెల్లటి వెలుగు, వేసిన క్షణమే పూర్తి వెలుగు. 6000 కెల్విన్ రంగుతో కారు ముఖమే మారిపోతుంది. ఇవన్నీ నిజాలే.

చిక్కంతా ఆకారంతో వస్తుంది. హాలోజన్ ఫిలమెంటు సన్నటి చుట్ట, చుట్టూ నాలుగు వైపులా వెలుగు చిమ్ముతుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ చుట్ట కోసమే లెక్క కట్టినవి. ఎల్‌ఈడీ బల్బులో ఒక పలుచటి పలకకు రెండు వైపులా చిప్పులుంటాయి. పలక ఎంత మందంగా ఉంటే ఆ రెండు చిప్పులూ అసలు ఫిలమెంటు ఉండాల్సిన చోటికి అంత దూరంగా ఉన్నట్టు. దాంతో వెలుగు మొత్తం పెరిగినా దూరం వెళ్లాల్సిన ముద్ద పలచబడి, దగ్గరి నేల మీద, చెట్ల కొమ్మల మీద, ఎదుటివారి కళ్లలో పడుతుంది. హెచ్4 అయితే ఇంకా కష్టం. ఆ లోహపు గిన్నె చేసే పనిని ఎల్‌ఈడీలో చిన్న రేకుతో అనుకరిస్తారు. కొందరు బాగా చేస్తారు, చాలామంది చేయరు.

హెచ్4 రిఫ్లెక్టర్ ఉన్న కారులో నేను ఇలాంటి జత ఒకటి పెట్టించాను. మొదటి రాత్రి సంతోషంగానే ఉంది. రెండో రాత్రి నుంచి లో బీమ్‌లో ఉన్నా ఎదుటి బళ్లవాళ్లు లైట్లు కొట్టి తిట్టడం మొదలైంది. గోడ ముందు ఆపి చూస్తే కటాఫ్ గీతే లేదు, గోడంతా వెలుగే. నాకు బాగా కనిపిస్తోందని ఇన్ని కళ్లను కొన్ని సెకన్లపాటు గుడ్డివి చేస్తున్నానా అని బాధేసింది. వారం లోపే తీసేశాను. ఎదురుగా వచ్చే బైకు మీద పిల్లలుంటారు, ఆ గుడ్డితనంలో వాళ్ల బండి ఎటు పోతుందో ఎవరికి తెలుసు?

ప్రొజెక్టర్ ఉన్న కారులో పరిస్థితి కొంత నయం. రేకు ఉంది కాబట్టి కటాఫ్ నిలుస్తుంది. అయినా వెలుగు ముద్ద సరైన చోట పడకపోతే గీత కిందంతా సమానంగా పరుచుకుని, దూరం చూపు పెరగదు.

ఎల్‌ఈడీ పెట్టే తీరాలనుకుంటే ఇవి చూడండి. చిప్పు పొడవు, మందం హాలోజన్ ఫిలమెంటుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. హెచ్7, హెచ్11లలో చిప్పులు ఎడమ, కుడి వైపులకు చూడాలి, పైకీ కిందికీ కాదు. కాలరు, అంటే బల్బును లైటులో కూర్చోబెట్టే అంచు, తిప్పి సర్దుకునే వీలుండాలి. పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని ఉండి, కరెంటు వాడకం 40 వాట్లే అయితే ఆ మాట నమ్మకండి. ఇలాంటి బల్బుల్లో వాట్‌కు వంద ల్యూమెన్లు వస్తే గొప్పే. వేసిన వెంటనే కాక, ఇరవై నిమిషాలు వెలిగాక చూడండి. వేడెక్కితే ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది, ఫ్యాను బలహీనమైన బల్బు అప్పుడు బయటపడుతుంది. వెనుక రబ్బరు మూత మూసుకునేలా ఉండాలి, లేకపోతే దుమ్మూ తేమా లోపలికి పోతాయి. కొత్త కార్లలో బల్బు మాడిందన్న హెచ్చరిక వెలగడం, లైటు మినుకుమినుకుమనడం జరుగుతుంది. దానికి క్యాన్‌బస్ డీకోడర్ అనే చిన్న పెట్టె కావాలి. మంచు కురిసే చోట ఇంకో ఇబ్బంది: ఎల్‌ఈడీ ముందుకు వేడి పంపదు, కాబట్టి కవరు మీద పేరుకున్న మంచు కరగదు.

చట్టం సంగతి కూడా ఉంది. చాలా దేశాల్లో హాలోజన్‌కి ఆమోదించిన లైటులో ఎల్‌ఈడీ బల్బు పెడితే ఆ ఆమోదం పోతుంది. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి వచ్చింది. అదీ పరీక్షించి జాబితాలో చేర్చిన కారు మోడళ్లకు మాత్రమే. అదే బల్బు ఒక కారు లైటులో సరిగ్గా పడి, ఇంకో కారులో చెదిరిపోతుందని వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా. అందుకే స్నేహితుడి కారులో బాగుందని మీ కారుకి తీసుకోకండి.

హెచ్‌ఐడీ కిట్లు, మొత్తం లైటు మార్చడం

హెచ్‌ఐడీ, అంటే జినాన్ లైట్లు, 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చాయి. డీ2ఎస్ రకం బల్బు 35 వాట్లకే 3200 ల్యూమెన్లు ఇస్తుంది. కంపెనీ నుంచే ఆ లైటుతో వచ్చిన కారు అయితే అదే రకం కొత్త బల్బు, 4300 కెల్విన్ దగ్గరిది, జతగా వేయించుకోండి, చాలు. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో హెచ్‌ఐడీ కిట్ పెట్టడం మాత్రం ఎల్‌ఈడీ కంటే ప్రమాదం, రెట్టింపు వెలుగు దారి లేకుండా చిమ్ముతుంది. ఐరోపా నియమాల్లో 2000 ల్యూమెన్లు దాటిన లైటుకు బరువును బట్టి తనంతట తానే కిందికి వంగే లెవలింగ్, కవరు కడిగే వాషరు ఉండాలంటారంటే ఊహించుకోండి. బల్బు వెలిగించడానికి 20,000 వోల్టుల షాక్ పుట్టించే బ్యాలాస్టు కూడా ఉంటుంది. తెలియనివాళ్లు చేతులు పెట్టే పని కాదు.

నిజంగా పెద్ద మార్పు కావాలంటే అసలైన దారి మీ కారు పై వేరియంటుకి కంపెనీ ఇచ్చే ఎల్‌ఈడీ లేదా ప్రొజెక్టర్ హెడ్‌లైట్‌ని పూర్తిగా మార్చుకోవడం. అది సరిపోతుందో లేదో, వైరింగ్, లెవలింగ్ ఎలా కలపాలో ముందే కనుక్కోవాలి. విడిగా దొరికే బై-ఎల్‌ఈడీ (లో, హై బీమ్‌లు రెండూ ఒకదానిలోనే ఉండే) ప్రొజెక్టర్‌ను పాత లైటు తెరిచి బిగించే పద్ధతి కూడా ఉంది. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే కటాఫ్ కత్తిలా వస్తుంది. మళ్లీ అతికించడంలో తేడా వస్తే మొదటి వానకే లైటు లోపల ఆవిరి.

వానలో, పొగమంచులో

తెల్లటి వెలుగు వానలో పనికిరాదని, పసుపు పొగమంచును చీల్చుకుపోతుందని అంటుంటారు. పొగమంచు బిందువులు వెలుగు తరంగాలకంటే చాలా పెద్దవి. అందుకే అవి ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అయితే నీలం ఛాయ ఎక్కువున్న వెలుగు తిరిగొచ్చి కంటికి తగిలినప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎదుటివారికీ అంతే. తడి రోడ్డు అద్దంలా వెలుగును ముందుకు నెట్టేస్తుంది కాబట్టి ఏ బల్బుతోనైనా నేల నల్లగా కనిపిస్తుంది.  నా మటుకు 4300 కెల్విన్ దాటి వెళ్లను. 8000 అంటే నీలమే, అది అలంకారం.

నేనైతే ఏది తీసుకుంటాను

హెచ్4 రిఫ్లెక్టర్ కారు: కవరు పాలిష్, రిలే వైరింగ్, ఎక్కువ వెలుగు రకం 60/55 హాలోజన్. రెండో ఆలోచన లేదు. హెచ్7 లేదా హెచ్11 రిఫ్లెక్టర్ అయినా హాలోజన్‌లోనే ఉంటాను. ప్రొజెక్టర్ ఉండి, మీ దేశపు నియమాలు ఒప్పుకుని, మీ మోడల్‌కే పరీక్షించిన బల్బు దొరికితే ఎల్‌ఈడీ మంచిదే. రూపం కోసమే అయితే పేరున్న కంపెనీ తెలుపు హాలోజన్ తీసుకోండి, ఊళ్లో నెమ్మదిగా తిరిగేవారికి దానితో ఇబ్బంది లేదు. వయసు పైబడినవారికి రాత్రి చూడ్డానికి ఎక్కువ వెలుగు కావాలి, అదే సమయంలో మిరుమిట్లూ ఎక్కువ బాధిస్తాయి. వాళ్లు ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. శుక్లం మొదలైతే ఏ బల్బూ ఆదుకోదు.

బిగించేటప్పుడు

లైటు ఆర్పి, చల్లారాక పని మొదలుపెట్టండి. హాలోజన్ గాజును వేలితో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవండి. రెండు వైపులా ఒకేసారి మార్చండి. బల్బు కాలరు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో రెండుసార్లు చూడండి. కొత్త బల్బు బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం వంకరగా కూర్చున్న కాలరే.

తర్వాత తప్పకుండా లెవల్ చూసుకోవాలి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చుని, చదునైన నేల మీద గోడకు పది మీటర్ల దూరంలో కారు ఆపండి. లోపల లెవలింగ్ చక్రం ఉంటే సున్నాలో పెట్టండి. హెడ్‌లైట్ నడిమధ్య ఎత్తు కొలిచి గోడ మీద గీత గీయండి. చాలా కార్లకు ఒక శాతం వాలు ఉండాలి. అంటే లో బీమ్ కటాఫ్ ఆ గీతకు పది సెంటీమీటర్లు కింద పడాలి. మీ కారుకు ఎంతన్నది తరచుగా లైటు మీదే రాసి ఉంటుంది. గీతకంటే పైకి పోతే స్క్రూ తిప్పి దించండి. మరీ కిందికి ఉంటే కొంచెం పైకి లేపితేనే మీరు కోరుకున్న దూరం దొరకొచ్చు.

తీసిన పాత బల్బులు బాగానే ఉంటే పారేయకండి. కొత్తవి వచ్చిన పెట్టెలోనే సర్ది, ఒక శుభ్రమైన గుడ్డముక్కతో కలిపి కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. ఎక్కువ వెలుగు బల్బు ఏదో ఒక రాత్రి దారి మధ్యలోనే మాడిపోతుంది, అప్పుడు అవే ఇల్లు చేరుస్తాయి.